ఉగ్గుకు తాళం

రెడ్డెమ్మ కుండలోకి వేలు ముంచి, ఒక బొట్టు నాలుక మీద వేసుకుంది. కాసేపు నోట్లో తిప్పి పక్కకు ఉమ్మేసింది.

"కారం మించలా, పులుపు మించలా. అంతా సరిగ్గానే ఉండాది. మరి మీకేం పొయ్యేకాలమే?" అని టమాటా నారును తిట్టింది.

ఆ నర్సరీలో అదే పద్ధతి. తన నాలుక ఓర్చుకోని మందును పసి ఆకు మీద చల్లకూడదని రెడ్డెమ్మ నియమం. కోడిగుడ్లను నిమ్మరసంలో పెంకుతో సహా కరిగేదాకా నానబెట్టి, బెల్లం కలిపి మాగనిచ్చి, పుల్లమజ్జిగ, వేపగింజల రసం, దంచిన వెల్లుల్లి చేర్చి, పల్చగా నీళ్ళు పోసి ఆమె చేసే ఆ మందుకు చుట్టుపక్కల ఊళ్ళలో ఉగ్గు అని పేరు. ఆకలీ తీరుస్తుంది, పురుగునూ దగ్గరికి రానివ్వదు. పలమనేరు చుట్టూ ఉన్న రైతులు విత్తనాల పొట్లాలు తెచ్చి ఆమె చేతికిస్తారు. ఇరవై ఐదు రోజులకు వచ్చి నారు తీసుకుపోతారు. ముప్పై ఏళ్ళలో ఒక్కరూ ఒట్టి చేతులతో తిరిగిపోలేదు.

ఈసారి పోయేట్టున్నారు. నీడ వల కింద కొబ్బరి పొట్టు నింపి వరసగా పేర్చిన ట్రేలలో నారంతా పసుపు పూసిన మొహాలేసుకుని తలలు వాల్చేసింది. ఉగ్గు చల్లేకొద్దీ ఇంకా వాలిపోతోంది.

"ఏం రెడ్డెమ్మా," అన్నాడు చౌడప్ప గట్టు మీద నిలబడి. ఆయన ఐదెకరాల రైతు. దున్ని, బోదెలు తోలి, నారు కోసం కాచుకుని ఉన్నాడు. "ఉగ్గు పోసి సాకుతానంటివి. నీ బిడ్డలు పాడె ఎక్కేట్టుండారే."

"నోరు మంచిగ పెట్టుకో అన్నా."

"నా నోరు మంచిగనే ఉండాది. నీ చెయ్యే ముసిలిదయిపోయింది."

ఆ మాట రెడ్డెమ్మకు తగిలిన చోటు ఇందుజకు కనిపించింది. అత్త తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకుని, కొంగులో దాచుకుంది.

ఇందుజ ఆ ఇంటికి కోడలై నలభై రోజులే. తిరుపతిలో మొక్కల పరిశోధనశాలలో పనిచేస్తూ, పెళ్ళికని సెలవు పెట్టి వచ్చిన పిల్ల. పసుపుతాడుకు పిన్నీసులతో పాటు చిన్న భూతద్దం కూడా తగిలించుకు తిరిగే కోడల్ని చూసి ఊరంతా నవ్వింది. ఆమె వాళ్ళకంటే ఎక్కువ నవ్వింది. ఈ నలభై రోజుల్లో ఆమెకు నచ్చనిదంటూ లేదు. కొబ్బరి పొట్టు తడిసిన వాసన నచ్చింది. మొగుడు చెంగల్రాయుడు తెల్లారుజామున నారుకు నీళ్ళు పట్టి, తడికాళ్ళతోనే వంటింట్లోకొచ్చి అమ్మ చేత తిట్లు తినడం నచ్చింది. అత్త మొక్కల్ని 'ఒసే' అని పిలవడం మరీ నచ్చింది.

ఇప్పుడు ఆమె వంగి ఒక ఆకును చూసింది. ఉగ్గు దాని మీద పడి, చేమాకు మీది నీళ్ళలా గుండ్రంగా దొర్లి కిందికి జారిపోయింది. ఆకు కొంచెం కూడా తడవలేదు.

భూతద్దం పెట్టి చూసింది. ఆకు మీద పల్చటి పొర. ఈతచాప అల్లినట్టు ఏటవాలుగా, ఒకదాని కింద నుంచి ఒకటి, సన్నటి పోగులు. ఆ అల్లికను లోకంలో మొదట చూసిన మనిషి తనే. దానికి 'నేత' అని పేరు పెట్టిందీ తనే.

"అత్తా, విత్తనాల పొట్లాలు యాడ ఉండాయి?"

ఖాళీ పొట్లం అడుగున చీమకాళ్ళంత అక్షరాలు ఉన్నాయి. 'చిగురు కవచం గల విత్తనం. తాళంచెవి ద్రావణంతో మాత్రమే పెంచవలెను.'

ఇందుజ భూతద్దం పెట్టి మళ్ళీ చదివింది.

"బావా, నేను తిరుపతి పోయి రావాల. ఇప్పుడే."

"సెలవు ఇంకా వారముంది గదా మే. అంతలోకే నా మొహం మొత్తిందా?" అన్నాడు చెంగల్రాయుడు నవ్వబోయి. ఆమె మొహం చూసి, బండి తాళం తీసుకుని ఆమెను బస్టాండులో దింపాడు.

* * *

ఆరేళ్ళ కిందట ఇందుజ చింతాకు మీద ఒక సూక్ష్మజీవిని కనిపెట్టింది. అది ఆకు చెమర్చే తీపిని తిని, పిండిపదార్థంతో పోగులు తీసి, గంజిపెట్టిన చీరలాంటి బిరుసు పొరను ఆకు మీద పరుస్తుంది. గాలి, వెలుతురు లోపలికి పోతాయి. తెగులు చొరబడదు, పురుగు కోర దిగదు. దాన్ని విత్తనానికి అంటిస్తే మొక్క కవచంతోనే పుడుతుంది. విషం చల్లకుండా పసిమొక్కను కాపాడొచ్చని ఆమె ఎగిరి గంతేసింది. ఆ సూక్ష్మజీవికి ఏది చూపించి 'ఇది పరాయిది' అని అలవాటు చేస్తే, దాన్ని రానివ్వకుండా అల్లిక బిగిస్తుంది. ఆ అలవాటు చేసే పనే ఇందుజ డాక్టరేటు పరిశోధన.

పొర వాన నీళ్ళను ఆపింది. ఆమ్లాన్ని ఆపింది. పరిశోధనశాల పెద్దాయన వైకుంఠరావు సరిపోదన్నాడు. "ఇంట్లో తయారుచేసే మందులున్నాయి చూడు, అన్నిట్లోకీ జిగట అవి. వాటిని ఆపితే అన్నిటినీ ఆపినట్టే."

సరిగ్గా అప్పుడే, పెళ్ళికి ఏడాది ముందు, ఆమెకు నిశ్చితార్థమైంది. పళ్ళేలు మార్చుకున్నాక కాబోయే అత్త నర్సరీ చూపించింది. ఉగ్గు చేసే పద్ధతి అడిగితే మురిసిపోయి, ఏదీ దాచకుండా చెప్పింది. కాగితం లేక ఇందుజ గోరింటాకు పక్కన అరచేతి మీద రాసుకుంది. తిరుపతి వచ్చి అదే చేసింది. పరిశోధనశాలలో దాని పేరు నమూనా ఏడు. నాలుగు నెలలు ఏడో నమూనా పొరను చీల్చుకుని లోపలికి పోయింది. ఐదో నెలలో ఆగిపోయింది. ఆ రోజు ఇందుజ అందరికీ మైసూరుపాకు పంచింది.

"గుర్తుందామ్మా? నాకు రెండు ముక్కలిచ్చావు," అన్నాడు వైకుంఠరావు, ఇప్పుడు తన గదిలో ఆమె ఎదుట కుర్చీలో వెనక్కి వాలి. "అంతా నీ పనే కదా. ఇప్పుడొచ్చి నన్నడుగుతావేం?"

"పొర మందమెక్కడం నా పని కాదు సార్. నేను అల్లిన పొర పది రోజులకు తనంతట తనే రాలిపోవాలి. ఇది రోజురోజుకూ దట్టమవుతోంది. చిగుళ్ళు ఊపిరాడక చస్తున్నాయి."

"తాళంచెవి ద్రావణం చల్లితే పల్చబడుతుంది. వ్యాపారం చూసేవాళ్ళు అడిగారు, మార్చాం. ఒకసారి కొని మానేస్తే సంస్థ నడవద్దూ?"

"అందులో ఏముంది?"

"ఆ గది నీది కాదు కదమ్మా."

ఆరేళ్ళుగా ఆ గదిలోకి ఆమెను రానివ్వలేదు. తాళం చేసినవాళ్ళకు తాళంచెవి చూపించకూడదట. భద్రత కోసమని అప్పుడు చెబితే బుద్ధిగా తలూపింది. ఆ తలూపడం గుర్తొచ్చి ఇప్పుడు తన తలనే గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"రైతులకు ఎవరు చెప్పారు సార్ ఈ సంగతి?"

"పొట్లం మీద ఉంది."

"ఆ అక్షరాలు చదవాలంటే నాకే భూతద్దం కావాల్సి వచ్చింది!"

వైకుంఠరావు చిరునవ్వు చెరగనివ్వలేదు. సొరుగులోంచి తాళంచెవి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "కోపం ఆరోగ్యానికి మంచిది కాదు, అందులో కొత్త పెళ్ళికూతురివి. మీ ఇంటికి సరిపడా సీసాలు రేపే పంపిస్తాను. పెళ్ళి కానుకనుకో. ఒక్క పని చేసిపెట్టండి. మీ అత్తగారు ఈ సీసా పట్టుకుని, పాత మందు మానేశాను, దీంతో నారు బతికింది అని నాలుగు ముక్కలు చెబితే చిన్న వీడియో తీసుకుంటాం. ఆ ప్రాంతంలో ఆవిడ మాటంటే వేదమటగా."

"చెప్పకపోతే?"

"నారు నీ ఇష్టం. కానీ ఇక్కడి సంగతి బయట మాట్లాడనని సంతకం చేశావు. మాట్లాడితే నీ డాక్టరేటు ఉండదు. ఆరేళ్ళు, ఇందుజా. ఆలోచించుకో."

సీసాను ఎత్తి కిటికీలోంచి విసిరేయాలని ఆమె చెయ్యి లాగింది. విసరలేదు. ఆ చెయ్యి తనది, ఆ నారు తనది కాదు. "అడిగేది మా అత్తను. ఆమెనే అడిగి చెప్తా," అని లేచింది.

* * *

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. రెడ్డెమ్మ వాకిట్లో వెల్లుల్లి దంచుతోంది. చెంగల్రాయుడు ట్రేలు కడుగుతున్నాడు. ఇందుజ చెప్పులైనా విప్పకుండా, నిలబడే మొత్తం చెప్పేసింది. అరచేతి మీద రాసుకోవడం చెప్పింది. నమూనా ఏడు చెప్పింది. మైసూరుపాకు కూడా దాచలేదు.

రోకలి ఆగింది.

"మళ్ళొకసారి చెప్పు," అంది రెడ్డెమ్మ.

"నీ ఉగ్గును ఆకు లోపలికి రానియ్యకుండా చేసింది నేనే అత్తా. తెలీక కాదు. పరీక్షకు అంతకంటే మంచి మందు దొరకలేదు."

"ఇంత మంచిది గాబట్టే చంపినావన్నమాట."

"అమ్మా..." అన్నాడు చెంగల్రాయుడు.

"నువ్వుండు రా. దొంగతనం చేసుంటే ఊరుకుందును. నాది నీదని అమ్ముకునుంటే పోనీలే, కోడలే గదా అందును. నా చేత్తో చేసిన ఉగ్గు నా బిడ్డల నోట్లోకే పోకుండా కుట్టేసినావే! నేను పదిరోజులుగా ఏమనుకుంటా ఉండానో తెలుసా? నిమ్మకాయలు మారినాయేమో అనుకుంటి. నా నాలిక చచ్చిందేమో అనుకుంటి. నా చేతికే ఏదో పాపం తగిలిందనుకుంటి. దేవుని గూటి ముందర ఈ చేతిని పెట్టి అడిగితినే, ఏం తప్పు చేసిందని!"

ఇందుజకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది. వీడియో సంగతి, ఊరికే వచ్చే సీసాల సంగతి చెప్పింది.

"నాలుగు ముక్కలే గదమ్మా," అన్నాడు చెంగల్రాయుడు మెల్లగా. "నారు బతుకుతాది."

"ఈ నారు బతుకుతాది. వచ్చే కారు పంట నారుకు మళ్ళ సీసా. ఆపైన ఊరూరికీ సీసా. నా ఉగ్గు తప్పని నా నోటితోనే చెప్పిస్తారంట! నా నోరు నేను ఉమ్మడానికి పెట్టుకుంటాగాని, వాళ్ళకియ్యను." రోకలి మళ్ళీ లేచింది. దంచిన వెల్లుల్లినే దంచింది.

* * *

మర్నాడు పొద్దున రెడ్డెమ్మ కోడలితో మాట్లాడలేదు. పుట్టింటికొచ్చిన కూతురి ఏడునెలల పాప ఆకలికి గుక్కపట్టింది. రెడ్డెమ్మ పొయ్యి మీద రాగిజావ కాస్తోంది. జావ గట్టిగా, గరిటె నిలబడేంత చిక్కబడింది. దించి గోరువెచ్చగా ఆరనిచ్చి, డబ్బాలోంచి ఒక చెంచా పిండి తీసి వేసి కలిపింది. ఇందుజ చూస్తుండగానే జావ వదులై, పాలలా పల్చగా జారింది.

"అదేం పిండి అత్తా?"

రెడ్డెమ్మ జావ తిప్పుతూనే ఉంది. ఆడపడుచే చెప్పింది. "మొలకల పిండి వదినా. రాగుల్ని మొలకెత్తించి ఎండబెట్టి విసురుతాం. ఒక్క చెంచా ఏస్తే ఎంత గట్టి జావైనా నీళ్ళయితాది. పసిదానికి అరగద్దా?"

ఇందుజ గిన్నె లాక్కుంది.

"పాప నోటికాడిది మే!" అని అరిచింది రెడ్డెమ్మ, మాట్లాడకూడదన్న సంగతి మరిచిపోయి.

"అత్తా, నా పొర కూడా జావే! గట్టిపడిన జావే!"

గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని తనే కరిగించుకుంటుంది. అది కరిగించే సరుకు మొలకలోనే ఉంటుంది. కాలేజీలో మొదటి ఏడాది పాఠం అది. ఆకు మీది పొర పిండిపదార్థమని ఆరేళ్ళుగా తెలుసు. పుల్లటివి, ఘాటైనవి, చేదువి, జిగటవి ముప్పై రకాలు పరీక్ష చేసింది. మొలకను చెయ్యలేదు. ఎందుకంటే రెడ్డెమ్మ ఉగ్గులో మొలక లేదు. పెద్దాయన తాళం వేసి దాచుకున్న గదిలో ఉన్నదేమిటో ఇప్పుడామెకు అర్థమైంది. సీమలో చంటిపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో అటక మీద డబ్బాలో ఉన్నదే. ఇందుజ పెద్దగా నవ్వింది. అది సంతోషపు నవ్వు కాదని పాపకు కూడా తెలిసిందేమో, ఏడుపు ఆపి చూసింది.

ఎండ ఎక్కకముందే మొలకల పిండిని గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి, ఒక్క ట్రే మీద చల్లారు. అరగంట ఆగి రెడ్డెమ్మ దాని మీద ఉగ్గు చల్లింది. బొట్టు పడింది. గుండ్రంగా నిలబడింది. తర్వాత అంచులు వదిలి, మెల్లగా పరుచుకుని, ఆకంతా తడిసింది.

చెంగల్రాయుడు ఈలవేశాడు. రెడ్డెమ్మ ఆ ఆకును కన్నార్పకుండా చూసింది. "తాగుతా ఉండాది," అంది, ఎవరితోనూ కాకుండా.

పొర రెండు రోజులకోసారి మళ్ళీ అల్లుకునేది. రెండు రోజులకోసారి కరిగించారు. ఆరో రోజుకు చాలా ట్రేలలో కొత్త చిగురు పచ్చగా లేచింది. వెనక వరసలవి లేవలేదు. వాటికి ఆలస్యమైపోయింది.

* * *

ఆదివారం పొద్దున చౌడప్ప పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. తేల్చుకునే ఉద్దేశంతోనే వచ్చారని వాళ్ళ నడకలోనే తెలిసింది.

"చచ్చిన నారుకు ఏం సమాధానం చెప్తావు రెడ్డెమ్మా? చేతగాకపోతే మానుకోవాల. మా కారు పోగొట్టేదేంటికి?"

రెడ్డెమ్మ నోరు తెరవకముందే ఇందుజ ముందుకొచ్చింది. "మా అత్త చేతిలో తప్పు లేదు పెదనాయనా. మీ పొట్లంలో ఉంది. అందులో పెట్టింది నేను."

వరసగా చెప్పింది. కవచమంటే ఏమిటో, దాన్ని ఎవరు బిగించారో, ఎందుకు మందమెక్కించారో, సీసాలో ఏముంటుందని తను అనుకుంటోందో, అన్నీ. గుంపులో ఒకతను ఫోన్ పైకెత్తి తీస్తున్నాడు. చెంగల్రాయుడు కంగారుగా దాన్ని దించబోయాడు. అతనికి సంతకం సంగతి తెలుసు.

"దించొద్దన్నా," అంది ఇందుజ ఫోన్ పట్టుకున్నతనితో. "దగ్గరికి రా. నా పేరు సరిగ్గా వినపడాల." పరిశోధనశాల పేరు, వైకుంఠరావు పేరు, తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆరేళ్ళ చదువు అలా అరనిమిషంలో అయిపోయింది.

గుంపు భగ్గుమంది. "సదువుకున్నోళ్ళు చేసే పనేనా ఇది?" అని ఒకరు. "ఇంట్లో పాముని పెట్టుకున్నావు గదే రెడ్డెమ్మా," అని ఇంకొకరు. ఇందుజ తలవంచలేదు, ఎదురు చెప్పలేదు. అన్నింటినీ నిలబడి విన్నది.

చౌడప్ప మాత్రం పచ్చబడిన ట్రేల దగ్గరికి పోయి, వంగి చూసి వచ్చాడు. మొన్నటి మాట గొంతులో అడ్డం పడ్డట్టు దగ్గాడు. "అది సరే. మరి ఆ మొలకల నీళ్ళ కొలతెంత? రాసుకుంటాం, చెప్పు పాపా."

"బిందెడు నీళ్ళకి..." అని ఇందుజ మొదలుపెట్టింది.

"చెప్పొద్దు!" రెడ్డెమ్మ కేక ఆ చివరి ట్రే దాకా వినపడింది. "ఒకసారి కొలత చెప్తిని. దాన్ని అరచేత రాసుకోని పొయ్యి దానికే తాళం చేసినారు. ఈ పొద్దు మళ్ళ ఇది రాసుకుంటారు, రేపు దీనికీ తాళం చేస్తారు. కొలత లేదు, ఏం లేదు."

"మరి మేమెట్ల చేసుకోవాల?"

"మీ ఇంట్లో ఏం మొలకెత్తుతాదో అది ఎయ్యండి. మా ఇంట్లో రాగులు. నువ్వు జొన్నలేస్తావు గదా, అవి ఎయ్యి. వాళ్ళింట్లో వడ్లు. ఒకరు మజ్జిగ ఎక్కువ పోయండి, ఒకరు అల్లం దంచండి. నాలిక మీద ఏసుకోని చూడండి, చల్లండి. మీ ఆడోళ్ళని అడగండి, నన్నడిగేదేంటికి? నాదొక్కటే ఉగ్గని మీరనుకుంటిరి, నేనూ అనుకుంటి. అందుకే దొరికిపోయినాం."

నేత అల్లే జీవికి ఒక్కో మందును అలవాటు చెయ్యడానికి ఇందుజకు ఐదేసి నెలలు పట్టింది. పదిమందీ పది రకాలుగా, పూటకో రకంగా చేస్తుంటే ఆ సూక్ష్మజీవి దేన్ని చూసి బిగుసుకోవాలి? ఆరేళ్ళు పరిశోధన చేసిన తనకు తట్టనిది, తన మీద మండిపడుతూ అత్త ఒక్క ఊపున చెప్పేసింది.

రైతులు తమ తమ నారు మోసుకుని వెళ్ళారు. దక్కనివాళ్ళకు మళ్ళీ విత్తుతానంది రెడ్డెమ్మ. పోతూ పోతూ చౌడప్ప, "తప్పు ఒప్పుకునింది లేమ్మా, చిన్నపిల్ల. ఇంక కోపం తీసెయ్," అన్నాడు.

"నా కోపం. ఎప్పుడు తియ్యాల్నో నాకు తెలుసు. నీ చేను జూసుకో పో."

వాళ్ళు మలుపు తిరిగాక వెనక వరసల దగ్గరికి నడిచింది. చచ్చిన నారు గోధుమరంగు దారాల్లా ట్రేలలో వాలి ఉంది. ఇందుజ వెనకే వచ్చి, దులపడానికి ఒక ట్రే ఎత్తబోయింది.

"బోర్లించొద్దు. దులిపితే ఒక్క నిమిషంలో అయిపోతాది. ఒక్కొక్కటే వేళ్ళతో తియ్యి."

"అన్నీనా అత్తా?"

"అన్నీ."

చెంగల్రాయుడు పక్కన కూర్చోబోతే రెడ్డెమ్మ అతని రెక్క పట్టుకుని లేపింది. "నీకు నీళ్ళు పట్టే పనుండాది."

ఇందుజ నేల మీద చతికిలబడి మొదటి మొక్కను మొదలు దగ్గర పట్టుకుని, మెల్లగా లాగింది. కొబ్బరి పొట్టు వదులుకుని అది బయటికొచ్చింది. పైన ఆకు నుసి అయిపోయి ఉంది. కింద వేరు మాత్రం ఏ జబ్బూ లేకుండా, తెల్లగా, తడిగా ఉంది.